దుబాయ్, సింగపూర్, జర్మనీ: బెంగళూరు ఉద్యోగం వదిలేముందు వేసుకోవాల్సిన లెక్క

విదేశం నుంచి ఆఫర్ రాగానే అందరూ చేసే పని ఒకటే, జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. "నెలకి 18,000 దిర్హమ్‌లంటే 4 లక్షల 32 వేలు అన్నా!" అని మారతహళ్లి ఆఫీసులో ఒక తమ్ముడు అన్నాడంటే, ఆ అంకె సాయంత్రానికల్లా కర్నూల్లో వాళ్ల మావయ్య దాకా వెళ్లిపోతుంది. ఊరంతా తెలిశాక ఇక వద్దనడం కష్టం.

సలహా అడిగినవాళ్లని నేను జీతం సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేవి వేరే: ఎంతమంది వెళ్తున్నారు? పిల్లలు ఏ క్లాసు? ఇంట్లో రెండో జీతం ఉందా? ఎన్నేళ్లు ఉందామని? వీటికి జవాబు మారితే అదే ఆఫర్ ఒకరికి లాటరీ, ఇంకొకరికి బెంగళూరు కంటే నష్టం. ఊరికే చెప్తే ఎవరూ నమ్మరు కాబట్టి అంకెలు వేద్దాం.

లెక్క సులువు కోసం యూరో 100 రూపాయలు, సింగపూర్ డాలరు 68, దిర్హమ్ 24 అనుకుంటున్నాను. పన్నులు, ఫీజులు రూల్స్ ప్రకారం వేశాను. అద్దె, కిరాణా, స్కూలు ఖర్చులు మాత్రం మధ్యతరగతి తెలుగు కుటుంబానికి సరిపోయేలా వేసిన అంచనాలు. మీ అలవాట్లని బట్టి వాటిని పెంచండి, తగ్గించండి. అమెరికా జోలికి పోవట్లేదు. అక్కడ ఖర్చు కంటే వీసానే పెద్ద తలనొప్పి, దానికి వేరే వ్యాసం కావాలి.

ముందు బెంగళూరు ఖర్చు తేల్చుకోండి

చాలామంది ఎగ్గొట్టేది ఈ మెట్టే. విదేశంలో ఎంత మిగులుతుందో గంటలు గంటలు లెక్కేస్తారు గానీ, ఇక్కడ నెలకి ఎంత మిగులుతోందని అడిగితే నీళ్లు నములుతారు.

30 లక్షల సీటీసీ ఉన్న ఇంజనీరుని తీసుకుందాం. కొత్త పన్ను విధానంలో పన్ను, పీఎఫ్ పోను చేతికి వచ్చేది నెలకి 2 లక్షలకి కాస్త తక్కువ. భార్య, స్కూలుకెళ్లే ఇద్దరు పిల్లలు. వైట్‌ఫీల్డ్ వైపు టూ బీహెచ్‌కే అద్దె, మెయింటెనెన్స్ కలిపి 50,000. ఇద్దరి స్కూలు ఫీజు నెలకి విడదీస్తే 30,000. వంటమనిషి, పనిమనిషి 10,000. కిరాణా, పాలు, కూరగాయలు 20,000. పెట్రోలు, క్యాబులు 8,000. ఫోన్లు, మందులు, చిల్లర 10,000. శుక్రవారం రాత్రి కేఆర్ పురంలో ఎక్కే ఊరి బస్సులు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు కలిపి 10,000. మొత్తం 1 లక్ష 38 వేలు. మిగిలేది దాదాపు 60,000.

ఈ 60,000 గుర్తుపెట్టుకోండి. విదేశీ ఆఫర్ గెలవాల్సింది దీని మీద. మీ భార్యకో భర్తకో నెలకి లక్ష జీతం ఉంటే మీ మిగులు 60,000 కాదు, 1 లక్ష 60 వేలు. అప్పుడు ఆఫర్ దాటాల్సిన గీత కూడా అంత పైకి వెళ్తుంది. ఈ ఒక్క విషయం దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తల్లకిందులవుతుంది, కింద మళ్లీ వస్తాను.

కొందరు కొనుగోలు శక్తి లెక్కలు పట్టుకొస్తారు. ప్రపంచ బ్యాంకు వేసే ఆ లెక్కలో, అమెరికాలో ఒక డాలరుకి వచ్చే సరుకు ఇక్కడ సుమారు 20 రూపాయలకే వస్తుంది. అది దేశం మొత్తానికి వేసిన సగటు. వైట్‌ఫీల్డ్‌లో క్లబ్ హౌస్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, పిల్లల్ని ఖరీదైన స్కూల్లో వేసి, వారానికి రెండుసార్లు బయట తినేవాడి ఖర్చు ఆ సగటుకి చిక్కదు. పైగా నెలకి 10,000కి ఇద్దరు మనుషులు ఇంటిపని చేసిపెట్టే సౌకర్యానికి ఈ మూడు దేశాల్లోనూ సమానమైన ధర లేదు. అక్కడ ఆ పని మీరే చేసుకుంటారు.

దుబాయ్: పన్ను సున్నా, చెక్కుల పుస్తకం మాత్రం బరువు

జీతం మీద ఆదాయపు పన్ను లేదు. దిర్హమ్‌ని అమెరికా డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు కాబట్టి రూపాయి పడిపోతే మీ పొదుపు దానంతటదే పెరుగుతుంది. నాలుగు గంటల్లో ఇంటికి రావచ్చు. కరామా, బర్ దుబాయ్‌లో తిరిగితే గోంగూర పచ్చడి, మన టిఫిన్లు దొరుకుతాయి. ఇంతవరకూ అందరూ చెప్తారు.

చెప్పనిది అద్దె కట్టే పద్ధతి. అక్కడ అద్దె మాట్లాడేది ఏడాదికి. కట్టేది ముందు తేదీలు వేసిన చెక్కులతో: ఒకటి, రెండు, నాలుగు, ఓనరు దయ. చెక్కులు తగ్గేకొద్దీ అద్దె కాస్త తగ్గుతుంది. అల్ నహ్దాలో టూ బీహెచ్‌కే ఏడాదికి 84,000 దిర్హమ్‌లు, రెండు చెక్కులు అనుకోండి. తాళం చేతికి రాకముందే మొదటి చెక్కు 42,000, డిపాజిట్ 5 శాతం చొప్పున 4,200, ఏజెంటు కమిషన్ ఇంకో 4,200, కరెంటు, నీళ్ల సంస్థ డీవాకి డిపాజిట్ 2,000, పైన ఎజారి (అద్దె ఒప్పందం) రిజిస్ట్రేషన్ ఖర్చు. అంతా కలిపితే 52,000 దిర్హమ్‌లు దాటుతుంది, అంటే మన డబ్బులో 12.5 లక్షలకి పైనే. మొదటి జీతం ఇంకా పడలేదు! ఇంట్లో మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా మీరే కొనుక్కోవాలి. అందుకే కంపెనీని హౌసింగ్ అడ్వాన్సు అడగడం అక్కడ మామూలే, మొహమాటపడక్కర్లేదు. బౌన్స్ అయిన చెక్కుని తేలిగ్గా తీసుకునే ఊరు కాదది.

ఇప్పుడు నెల ఖర్చు. అద్దె 7,000. డీవా బిల్లులోనే కలిపి వచ్చే హౌసింగ్ ఫీజు, అంటే ఏడాది అద్దెలో 5 శాతం, నెలకి 350. కరెంటు, నీళ్లు 600 (ఏసీ లేకుండా జూలై గడవదు). ఇంటర్నెట్, ఫోన్లు 550. భారతీయ సిలబస్ ఉన్న చౌక స్కూల్లో ఇద్దరు పిల్లలకి ఫీజు, బస్సు 2,700. కిరాణా 2,000. కారు, పెట్రోలు, సాలిక్ టోలు, పార్కింగ్ 1,500. బయట తిండి, సరదాలు 800. ఏడాదికోసారి నలుగురి విమాన టికెట్లు నెలకి విడదీస్తే 500. మొత్తం 16,000. జీతం 18,000, మిగులు 2,000, అంటే 48,000 రూపాయలు.

చూశారుగా, బెంగళూరులో మిగిలే 60,000 కంటే తక్కువ. అదీ చౌక స్కూలు పెడితేనే. పేరున్న బ్రిటిష్ సిలబస్ స్కూలంటే ఒక్కో పిల్లకి ఏడాదికి 40,000 దిర్హమ్‌ల పైమాటే, అప్పుడు లెక్క మైనస్‌లోకి పోతుంది. "పన్ను లేదుగా" అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్లినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అదే 18,000 దిర్హమ్‌లతో ఒంటరిగా వెళ్లే కుర్రాడైతే షేరింగ్ గది, మెట్రో, వంట చేసుకోవడం కలిపి 5,500లో బతికేస్తాడు. 12,500 మిగులుతుంది, అంటే 3 లక్షల రూపాయలు. రెండు, మూడేళ్లలో ఊళ్లో ఇంటి అప్పు తీర్చేయాలనుకునే బ్రహ్మచారికి ఇది చాలా మంచి ఊరు.

అద్దె భారం తగ్గించుకోవాలని పక్కనే ఉన్న షార్జా వెళ్లేవాళ్లున్నారు. అద్దె నిజంగానే తగ్గుతుంది. కానీ పొద్దున షార్జా నుంచి దుబాయ్ వచ్చే రోడ్డు చూస్తే మన సిల్క్ బోర్డు జంక్షన్ మీద గౌరవం పెరుగుతుంది. ఇద్దరు పిల్లలుండి ఆఫీసు షార్జా వైపు కాకపోతే నేను వద్దనే చెప్తాను.

ఆఫర్ లెటర్లో బేసిక్ ఎంతో చూడండి. అక్కడ మనలాంటి పీఎఫ్ ఉండదు. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి 5 ఏళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. 18,000లో బేసిక్ 9,000 అయితే ఏడాదికి 6,300 దిర్హమ్‌లు. కొన్ని కంపెనీలు బేసిక్ బాగా తగ్గించి అలవెన్సులు పెంచుతాయి, చేతికొచ్చేది అంతే గానీ చివర్లో వచ్చేది సన్నగిల్లుతుంది. ఇంకోటి: ఉద్యోగికి ఆరోగ్య బీమా ఇవ్వడం కంపెనీ బాధ్యత, భార్యాపిల్లలది మాత్రం వాళ్లని స్పాన్సర్ చేసే మీదే. పై లెక్కలో కంపెనీయే ఇస్తుందనుకున్నాను. ఇవ్వకపోతే అదో ఖర్చు.

సింగపూర్: ఒంటరివాడికి స్వర్గం, స్కూలు పిల్లలుంటే జేబుకి చిల్లు

చెన్నై నుంచి నాలుగు గంటలు. వైజాగ్ నుంచి నేరుగా స్కూట్ విమానం ఉంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, అదే రోడ్డులో టెక్కా మార్కెట్‌లో కరివేపాకు, మునక్కాయ. అమ్మానాన్నల్ని తీసుకెళ్లి చూపించడానికి సుఖమైన ఊరు.

నెలకి 8,000 సింగపూర్ డాలర్ల ఆఫర్ అనుకుందాం, అంటే 5 లక్షల 44 వేల రూపాయలు. అక్కడ ఉద్యోగ వీసా అయిన ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి కనీస జీతం 2025 జనవరి నుంచి 5,600 డాలర్లు. అది కుర్రాళ్లకి. వయసుతో పాటు పెరుగుతూ నలభై అయిదు వచ్చేసరికి 10,700 అవుతుంది. కాబట్టి ముప్ఫై ఎనిమిదేళ్లవాడు తన స్నేహితుడి కొడుకు పాస్ సంగతి విని ధైర్యం తెచ్చుకోకూడదు. కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే మీ జీతం కనీసం 6,000 ఉండాలి.

పన్ను తక్కువ. 8,000 జీతానికి ఒంటరివాడైతే ఏడాదికి సుమారు 5,000 డాలర్లు. కానీ మనలాగా నెలనెలా జీతంలో కోసెయ్యరు. మరుసటి ఏడాది లెక్క చెప్పి మీరే కట్టాలి. మొదటి ఏడాది అంతా ఖర్చుపెట్టేసినవాడికి అప్పుడు టెన్షన్ మొదలు. ప్రతి నెలా 420 డాలర్లు వేరే ఖాతాలో పడేస్తే సరి.

ఒంటరివాడి లెక్క: ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్‌లో గది 1,200, మిగతా ఖర్చులు 1,300, పన్నుకి 420. 5,000 పైన మిగులుతుంది, 3 లక్షల 40 వేల రూపాయలు. దుబాయ్ కంటే కాస్త మెరుగు. పిల్లల్లేని జంటైతే మొత్తం ఫ్లాట్ 2,900, కరెంటు, ఇంటర్నెట్ 300, మిగతావన్నీ కలిపి 2,050. మిగిలేది 2,750, దాదాపు 1 లక్ష 87 వేలు. బాగానే ఉంది.

ఇద్దరు పిల్లలుంటేనే బండి ఆగిపోతుంది. భారతీయ సిలబస్ చెప్పే ఇంటర్నేషనల్ స్కూలుకి ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల దరిదాపుల్లో పెట్టుకోవాలి. ఇద్దరికీ కలిపి నెలకి 3,350. ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల బయటి పిల్లలకి ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో కూడా నెలకి 900 డాలర్లు దాటుతుంది, పైగా సీటు వస్తుందన్న గ్యారంటీ లేదు. అద్దె 2,900, కరెంటు, ఇంటర్నెట్ 300, స్కూలు 3,350, కిరాణా 1,000, రవాణా 300, బయట తిండి 400, పన్ను 350, విమాన టికెట్లు 250, మందులు, చిల్లర 250. కూడితే 9,100. జీతం 8,000. ప్రతి నెలా 1,100 డాలర్ల లోటు! ఇద్దరు స్కూలు పిల్లలతో సింగపూర్ వెళ్లాలంటే 11,000 కింద ఒప్పుకోవద్దు, లేదా కంపెనీ స్కూలు ఫీజు కడుతుందేమో అడగండి.

కారు ఊసే వద్దు. అక్కడ కారు కంటే ముందు దాన్ని పదేళ్లు నడుపుకునే హక్కు కొనాలి. సీఓఈ అంటారు, దాని ధర ఒక్కటే లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. మెట్రో, బస్సులు బాగుంటాయి కాబట్టి ఇది నిజానికి లోటేమీ కాదు. ఇంట్లో ఉండే పనిమనిషిని పెట్టుకోవాలంటే ఆమె జీతం కాక ప్రభుత్వానికి నెలకి 300 డాలర్ల లెవీ. మామూలు ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉద్యోగికి కంపెనీ వైద్య బీమా ఇచ్చి తీరాలన్న నియమం కూడా అక్కడ లేదు, ఆఫర్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి.

ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నంతకాలం సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) కోత లేదు. పీఆర్ (శాశ్వత నివాసం) వస్తే ఆ కోత వస్తుంది, దాంతో కంపెనీ వాటా కూడా వస్తుంది కాబట్టి అది లాభమే. కానీ మగపిల్లలున్నవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. తల్లిదండ్రుల ద్వారా పీఆర్ తీసుకున్న అబ్బాయిలు పెద్దయ్యాక అక్కడ రెండేళ్ల నేషనల్ సర్వీస్ చేయాలి. పన్నెండేళ్ల బాబు పేరు పీఆర్ ఫారంలో రాసేముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

జర్మనీ: చేతికి తక్కువ, చేతి నుంచి పోయేది ఇంకా తక్కువ

ఏడాదికి 70,000 యూరోల ఆఫర్ అంటే 70 లక్షలు అనుకుని ఎగిరి గంతేస్తారు, మొదటి జీతం స్లిప్ చూసి నీరుగారిపోతారు. ఆదాయపు పన్ను కాక పెన్షన్‌కి 9.3 శాతం, నిరుద్యోగ బీమాకి 1.3 శాతం, ఆరోగ్య బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా అన్నీ కోస్తారు. ఒంటరివాడికి చేతికొచ్చేది నెలకి సుమారు 3,550 యూరోలు. ఫ్లాటు, తిండి, టికెట్లు పోను 1,500 మిగిల్చితే గొప్ప. అంటే లక్షన్నర. డబ్బు కోసమే వెళ్లే బ్రహ్మచారికి జర్మనీ మూడో స్థానంలోనే ఉంటుంది.

కుటుంబం దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఒకరే సంపాదించే దంపతులకి మూడో ట్యాక్స్ క్లాస్ ఇస్తారు, దాంతో చేతికి 4,000 దాకా వస్తుంది. ఒక్కో పిల్లకి ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2026లో నెలకి 259 యూరోలు, ఇద్దరికి 518. సంపాదన లేని భార్య, పిల్లలు మీ ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే వస్తారు, అదనంగా పైసా కట్టక్కర్లేదు. ప్రభుత్వ స్కూలు ఉచితం. మొత్తం రాబడి 4,500.

ఖర్చు: ఒక మధ్యస్థ నగరంలో హీటింగ్‌తో కలిపి అద్దె 1,700, కరెంటు 90, ఇంటర్నెట్, ఫోన్లు 70, ఇంట్లో టీవీ ఉన్నా లేకున్నా కట్టాల్సిన ప్రసార రుసుం 18.36, దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 ధర 63 చొప్పున ఇద్దరికి 126, కిరాణా 650, స్కూల్లో మధ్యాహ్న భోజనం, సాయంత్రం దాకా ఉంచుకునే ఖర్చు 150, బయట తిండి 200, బట్టలు, చలి కోట్లు 150, విమాన టికెట్లు 250, చిన్నా చితకా 230. అటూ ఇటూగా 3,630. మిగిలేది 870 యూరోలు, అంటే 87,000 రూపాయలు.

బెంగళూరు 60,000 దాటింది. మూడింట్లో స్కూలు పిల్లలున్న కుటుంబానికి లెక్క కుదిరింది ఇక్కడే. అందరికంటే ఎక్కువ పన్ను కోసే దేశంలోనే కుదరడం విచిత్రంగా ఉన్నా, కారణం సూటిగానే ఉంది: స్కూలు, డాక్టరు ఖర్చు పన్నులోనే అయిపోయింది.

అయితే మ్యూనిక్ ఆఫర్ అయితే అద్దెకి కనీసం ఇంకో 500 కలపండి, మిగులు సగానికి పైగా కరిగిపోతుంది. బెర్లిన్‌లోనూ కొత్తగా వెళ్లేవాళ్లకి అద్దె తక్కువేం కాదు గానీ, అక్కడ కిండర్‌గార్టెన్ ఫీజు లేదు, తిండికి మాత్రం కాస్త కడతారు.

ప్రకటనలో కనిపించే కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె, హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చు కలిపింది వార్మ్‌మీటె. మీ బడ్జెట్‌లో రెండోదే పెట్టండి. డిపాజిట్ చట్ట ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు, బెంగళూరు ఓనర్లతో వేగినవాళ్లకి ఇది చల్లని వార్తే. కానీ చాలా ఫ్లాట్లలో వంటగది అంటే నాలుగు గోడలు, గోడలోంచి బయటికొచ్చిన ఒక పైపు, ఒక వైరు. సింకు కూడా పాత అద్దెదారు విప్పుకుని పోతాడు. వాళ్ల దగ్గరే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం తెలివైన పని, దానికో వెయ్యి, రెండు వేల యూరోలు పక్కన పెట్టుకోండి. ఇల్లు దొరకడానికే నెలలు పడుతుంది కాబట్టి మొదట మీరు ఒక్కరే వెళ్లి, ఇల్లు కుదిరాక కుటుంబాన్ని పిలిపించుకోవడం మేలు.

ఊళ్లో చిరునామా నమోదు చేసే ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మన క్రైస్తవ మిత్రులు అక్కడ కేథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే, ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది. భక్తితో ఇవ్వాలనుకుంటే మంచిదే, తెలియక రాయకూడదు.

ఉచిత స్కూలు అన్న మాటకి ఒక షరతుంది: పిల్లలు చిన్నవాళ్లై ఉండాలి. ఆరేళ్ల పాప ఏడాదిలో జర్మన్ మాట్లాడేస్తుంది. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయ్యాక పిల్లల్ని ఏ రకం హైస్కూల్లో వెయ్యాలో తేల్చేస్తారు, బెర్లిన్‌లో ఆరో తరగతి తర్వాత. ఎనిమిదో తరగతి అబ్బాయిని జర్మన్ మీడియంలో కూర్చోబెడితే వాడి రెండేళ్లు భాషకే పోతాయి. అలాగని ఇంటర్నేషనల్ స్కూలుకి పంపితే ఏడాదికి 20,000 యూరోల ఖర్చు, పైన వేసిన లెక్కంతా గోవిందా. పదేళ్లు దాటిన పిల్లలుంటే జర్మనీ కంటే దుబాయ్ సీబీఎస్ఈ స్కూలే నయం, తిరిగొచ్చినా చదువు దెబ్బతినదు.

రెండో జీతం

ఇప్పుడు ఆ 1 లక్ష 60 వేల గీత దగ్గరికి వద్దాం. భార్యాభర్తలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న ఇంట్లో ఒకరు మానేసి వెళ్తే, పిల్లలున్న కుటుంబానికి నేను వేసిన లెక్కల్లో ఒక్కటీ ఆ గీత దాటదు. జర్మనీ 87,000 కూడా. కాబట్టి అసలు ప్రశ్న: రెండో మనిషికి అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉందా, ఎంత తొందరగా దొరుకుతుంది?

జర్మనీలో బ్లూ కార్డు (చదువు, జీతం బాగున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) ఉన్నవారి భార్య లేదా భర్తకి ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది. దొరకడం భాష మీద, రంగం మీద ఆధారపడుతుంది. సాఫ్ట్‌వేర్ అయితే ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు, హెచ్ఆర్, అకౌంట్స్, టీచింగ్ అయితే జర్మన్ లేనిదే తలుపు తెరుచుకోదు. సింగపూర్‌లో డిపెండెంట్ పాస్ మీద వెళ్లినవారు ఉద్యోగం చేయాలంటే 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి, అంటే కొత్తగా వచ్చినవాళ్లలాగే జీతం అర్హతలన్నీ దాటాలి. దుబాయ్‌లో భర్త స్పాన్సర్‌షిప్‌లో ఉంటూనే కంపెనీ వర్క్ పర్మిట్ తీసుకుంటే పని చేయొచ్చు. మూడింటిలో రెండో ఉద్యోగం తొందరగా దొరికేది అక్కడేనని నా అభిప్రాయం, జీతం మాత్రం మొదట్లో చిన్నదే ఉంటుంది.

"ఆవిడ ఏడాది రెస్ట్ తీసుకుంటుందిలే" అని భర్తే చెప్పేస్తుంటాడు. ఆవిడని అడిగారా? ఏడాది గ్యాప్ తర్వాత బెంగళూరు మార్కెట్లోకి తిరిగి రావడం ఎంత కష్టమో ఆవిడకి బాగా తెలుసు.

ఎవరికి ఏది

ఒంటరిగా, రెండు, మూడేళ్లకి డబ్బు కోసం వెళ్లేవారు సింగపూర్ లేదా దుబాయ్, ఏ ఆఫర్ పెద్దదైతే అది. పిల్లల్లేని జంట ఇద్దరికీ పాస్ దొరికితే సింగపూర్. ఏడేళ్లలోపు పిల్లలుండి, అక్కడే స్థిరపడినా ఫర్వాలేదనుకునేవారు జర్మనీ. జర్మన్ భాష బీ1 (మధ్యస్థ) స్థాయి వస్తే బ్లూ కార్డు మీద 21 నెలల్లోనే శాశ్వత నివాసం అడగొచ్చు. దుబాయ్‌లో మామూలు ఉద్యోగికి వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలుండి ఇద్దరి జీతాలు ఇక్కడే బాగుంటే, నేనైతే బెంగళూరు వదలమనను. కంపెనీ స్కూలు ఫీజు, ఇల్లు రెండూ ఇస్తానంటే అప్పుడు మళ్లీ లెక్క వేద్దాం.

ఇక్కడ వదిలి వెళ్లేవి

చాలామంది మర్చిపోయే పెద్ద ఖర్చు అమ్మానాన్నల ఆరోగ్య బీమా. వాళ్లకి ఇన్నాళ్లూ మీ కంపెనీ గ్రూప్ పాలసీ ఉంది. ఉద్యోగంలో మీ చివరి రోజుతో అది మామూలుగా పోతుంది. అరవై అయిదేళ్ల నాన్నకి షుగరు, బీపీ ఉంటే కొత్త పాలసీలో ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. ఆఫర్ ఖాయం అయ్యేదాకా ఆగకుండా, విదేశం ఆలోచన మొదలైనప్పుడే వాళ్ల పేర సొంత పాలసీ తీసేసుకోండి. ప్రీమియం ఎక్కువే, ఆ అంకెని కూడా పై లెక్కల్లోంచి తీసెయ్యండి.

ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతా) మార్చుకోవాలి. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరిస్తే దాని మీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. సొంత ఫ్లాటు అద్దెకిచ్చి వెళ్తే, మీరు ఎన్ఆర్ఐ కాబట్టి అద్దెకున్నవాడు 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. చాలామంది అద్దెదారులకి ఇది తెలియదు, తెలిశాక ఆ తతంగం మాకొద్దని వేరే ఇల్లు చూసుకుంటారు. ముందే చెప్పి, ఎలా కట్టాలో చూపించి ఇల్లివ్వడం మంచిది. మీరు అద్దెకుంటున్నవారైతే పెయింటింగ్ పేరుతో ఓనరు ఎంత కోస్తాడో ఇప్పుడే అడగండి. బెంగళూరులో ఒక నెల అద్దె పోయిందనే అనుకోండి.

చివరగా, జాయినింగ్ డేట్. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉన్న ఆర్థిక సంవత్సరంలో మీరు ఇండియాలో 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి రెసిడెంటే. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉన్నవారు సెప్టెంబరు 28 లోపు విమానం ఎక్కి, మార్చి దాకా సెలవులకి తిరిగి రాకుండా ఉంటే ఆ ఏడాది నాన్ రెసిడెంట్ అవుతారు, విదేశంలో సంపాదించిన జీతానికి ఇక్కడ పన్ను ఉండదు. అక్టోబరు 10న దుబాయ్ వెళ్లారనుకోండి, మార్చి దాకా అక్కడ వచ్చే లక్ష దిర్హమ్‌ల జీతం, అంటే 24 లక్షలు, ఇక్కడి అర్ధ సంవత్సరం జీతంతో కలిసి మన శ్లాబుల్లోకి వచ్చే అవకాశం ఉంది. 30 లక్షల సీటీసీవారికి అలా పడే అదనపు పన్ను 6 లక్షలు దాటుతుంది. నోటీసు పీరియడ్‌లో పదిహేను రోజులు తగ్గించమని ఇక్కడి మేనేజర్‌ని బతిమాలుకున్నా, కొనుక్కున్నా అంత ఖర్చవదు. టికెట్ బుక్ చేసేముందు ఒకసారి సీఏకి ఫోన్ చేసి ఆ తేదీ ఖాయం చేసుకోండి.